ఎడారి యుద్ధచిత్రమును మన పిల్లలు చూడవచ్చునా?

గడచిన డిసెంబరు మాసమున, క్రిస్మసు సెలవులకు ముందు, మన పాఠశాల పెద్ద గదిలో తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అను ఆంగ్ల చలనచిత్రమును రెండు సాయంకాలములలో ప్రదర్శించితిమి. ఆ యాలోచన నాది. కావున దానివలన కలిగిన మెప్పుగాని నిందగాని నాకే చెందవలెను. మెప్పు కొంత వచ్చినది. నిందయు వచ్చినది. నందిగామ బస్సు స్టాండులో ఒక విద్యార్థి తండ్రి నన్ను కలిసికొని, “మాస్టారూ, శాంతిని బోధింపవలసిన బడిలో ఈ తుపాకులు, ఈ నెత్తురు ఏల? పిల్లలు టెలిఫోనులో చూచుచున్నవి చాలలేదా?” అని యడిగిరి. ఆయన కోపముతో అడుగలేదు. నిజముగా తెలిసికొనగోరి అడిగిరి. ఇంతలో జగ్గయ్యపేట బస్సు కదలెను. అరనిమిషములో చెప్పదగిన సమాధానము నాయొద్ద లేకపోయెను. ఆ సమాధానమునే ఈ సంచికలో వ్రాయుచున్నాను.

చిత్రమును చూడని తలిదండ్రుల కొఱకు కొంత చెప్పవలెను. 1962వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఇది లండను నగరమున మొదట ప్రదర్శింపబడెను. దర్శకుడు డేవిడ్ లీన్. నిడివి మూడు గంటల నలువది నిమిషములకు మించును. అందుచేతనే మేము రెండు దినములు తీసికొంటిమి. ఆస్కారు బహుమానములు ఏడు లభించినవి. మొదటి మహాయుద్ధములో టర్కీ సామ్రాజ్యముపై అరబ్బులు తిరుగబడినప్పుడు వారితో కలిసి పోరాడిన టి. ఇ. లారెన్సు అను ఆంగ్లేయ యువకుని కథ యిది. ఆ పాత్రను పీటర్ ఓ’టూల్ ధరించెను. నిజమైన లారెన్సు పొట్టివాడు. నటుడు ఆరడుగులు దాటిన పొడగరి. ఇది చిన్న సంగతియే యైనను, చలనచిత్రము చరిత్రను ఎంత సాగదీయునో చూపుటకు తరగతిలో నేను మొదట చెప్పిన మాట యిదియే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పి ముందునకు సాగెదను. మన తెలుగు బైబిలులో ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు ‘అరణ్యము’లో తిరిగిరని యున్నది. నేను బాల్యమున ఆదివారపు బడిలో ఆ మాట విన్నప్పుడెల్ల చింతచెట్లు, తుమ్మచెట్లు, కోతులు గల యొక అడవి నా మనస్సున మెదలెడిది. అంత పెద్ద అడవిలో నీళ్లు లేవని ప్రజలు మోషేపై ఏల సణిగిరో నాకు బోధపడెడిది కాదు! అడవిలో వాగు ఉండదా? ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుచుండగా, ఆంగ్ల బోధకులొకరు ఈ చిత్రమును చిన్న టెలివిజనులో మాకు చూపిరి. లారెన్సు ఇద్దరు బాలురతో సీనాయి ఎడారిని దాటు ఘట్టమున మోషే ప్రస్తావన వచ్చును. ఆ పసుపుపచ్చని శూన్యమును చూచినప్పుడు గాని నా అరణ్యములో చెట్లు కూలలేదు. ఈసారి మన విద్యార్థులలో కనీసము పదిమంది అదే మాట నాతో చెప్పిరి. భూగోళ పాఠమున ఎడారి యనగా వర్షపాతము తక్కువగానున్న ప్రదేశమని వల్లించినవారే వారందఱును.

చిత్రము అందమైనది. దీనిని కాదనుట అసత్యమగును. జోర్డాను దేశములోని వాదీ రమ్ అను ఎఱ్ఱరాతి లోయలలోను, స్పెయిను, మొరాకో దేశములలోను దీనిని తీసిరి. దూరమున ఎండమావిలో నల్లని చుక్క కనబడి, అది క్రమముగా పెరిగి, ఒంటెపై వచ్చు మనుష్యుడగు దృశ్యము సుప్రసిద్ధము. రోహిణి కార్తెలో మధ్యాహ్నవేళ నందిగామ నుండి జగ్గయ్యపేటకు రహదారిపై ప్రయాణించువారు ఆ ఎండమావిని వెండితెర లేకుండగనే చూచియున్నారు. ఎదుట నీరు నిలిచినట్లుండును, లారీలు అందులో తేలుచున్నట్లుండును. మన పిల్లలు ఆ దృశ్యమున గోల చేయకుండ కూర్చుండుటకు కారణ మదియే యనుకొందును. ఆ మనుష్యుడు దగ్గరకు వచ్చుటకు ఎంత సేపు పట్టునో వారికి తెలియును.

ఇపుడు అసలు సంగతి. నెత్తురును గూర్చి ఆ తండ్రి భయపడిరి. నా భయము వేఱు. ఈ చిత్రములో నెత్తురు మన తెలుగు సినిమాలలో ఒక పాటకు పాటకు నడుమ కారునంత కూడ లేదు. నాకు భయము కలిగించినది చప్పట్లు. 1917వ సంవత్సరము జులైలో అకాబా రేవును అరబ్బులు భూమి వైపునుండి వచ్చి పట్టుకొనిరి. చిత్రములో ఆ ఘట్టమున వందలకొలది గుఱ్ఱములు, ఒంటెలు ధూళి లేపుచు దిగివచ్చును. కోట ఫిరంగులు సముద్రమువైపు తిరిగి నిశ్చలముగా నుండును. గదిలోని నూటయిరువదిమంది పిల్లలును లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. నేనును కొట్టితిని. దాచనేల? ఆ గుఱ్ఱముల క్రింద పడినవాడు టర్కీ పల్లెనుండి బలవంతముగా సైన్యములో చేర్పబడిన రైతు బిడ్డడై యుండునని నాకు ఇంటికి పోవు దారిలో తోచెను. నలువదియైదేండ్లు నిండవచ్చిన నాకే అప్పుడు తోచినయెడల, పదునాలుగేండ్ల బాలునికి ఎప్పుడు తోచును? అందమే యిందలి విషము. వికారముగా చూపిన యుద్ధమునుండి పిల్లవాడు తానే ముఖము త్రిప్పుకొనును. సంగీతముతో, సూర్యోదయముతో చూపిన యుద్ధమును వాడు కోరును.

అకాబాకు ముందు జరుగు మరియొక ఘట్టమువలన నేనొక తప్పు చేసితిని. నెఫూదు ఎడారిని రాత్రింబవళ్లు దాటుచుండగా గాసిం అనువాడు ఒంటెపైనుండి జారి వెనుక పడిపోవును. తెల్లవారిన పిమ్మట ఖాళీ ఒంటె మాత్రము నడచుచు కనబడును. వాని మరణము విధి వ్రాత యనియు, వానికొఱకు మరలినవారు కూడ చత్తురనియు తక్కినవారు వాదింతురు. లారెన్సు వినక వెనుకకు మరలి వానిని తెచ్చును. వాడు ఎండలో ఒంటరిగా నడచుచు ఒక్కొక్క వస్తువును పారవేయుచుండగా, పదవ తరగతి బాలుడొకడు లేచి గది విడిచి పోయెను. అల్లరికి పోయినాడని తలంచి, మరునాడు అందరియెదుట వానిని మందలించితిని. వాడు ఎదురు చెప్పలేదు. తల వంచుకొని నిలిచెను.

నాలుగు దినములైన తరువాత వాని తల్లి బడికి వచ్చెను. “మాస్టారూ, వాడి నాన్న కువైటులో ఉన్నాడండీ,” అని ఆమె ప్రారంభించెను. మోటారు నడుపు పని యని చెప్పి ఏజెంటొకడు పంపెనట. అక్కడికి పోయిన తరువాత ఎడారిలో గొఱ్ఱెలను, ఒంటెలను మేపు పనికి పెట్టిరట. రేకుల గుడిసె, చుట్టును ఇసుక. టెలిఫోను అందు చోటునకు నెలకొక్కసారి వచ్చుటయే గగనమట. మూడు నెలలు ఏ కబురును లేక ఆ కుటుంబము తల్లడిల్లెనట. ఆ మూడు నెలలలోనే మా ప్రదర్శనము పడినది. గాసిం ఎండలో నడచుచుండగా ఆ బాలుడు ఎవరిని చూచెనో నేను వ్రాయనక్కరలేదు. అతనిని పిలిచి తరగతి యెదుటనే క్షమింపుమని కోరితిని. ఉపాధ్యాయుడు విద్యార్థిని అట్లు కోరరాదని మా సహోద్యోగులలో ఒకరు అభిప్రాయపడిరి. ఆ విషయమున వారికిని నాకును ఇంకను భేదమున్నది.

గాసిం కథ అంతటితో ముగియదు. అకాబాకు చేరకముందే అతడొక హత్య చేయును. తెగల నడుమ పోరు రేగకుండ నుండుటకై, ఎవరికిని చెందని లారెన్సే అతనిని కాల్చి చంపవలసి వచ్చును. తాను ప్రాణము పోసినవానిని తానే చంపెను. పిల్లలు దీనిపై ఒక వారము వాదించిరి. “అయితే రక్షించుట వృథాయే కదా?” అని కొందరనిరి. వృథా కాదని నా మతము. తరువాత జరిగినది ఏదైనను, ఇసుకలో విడిచిపెట్టబడినవానికొఱకు ఒకడు వెనుకకు మరలెను. ఆ మరలుటకు విలువ కట్టుటకు తరువాతి లెక్కలు అక్కరలేదు. అయితే వాదమును ఇంకను చిక్కుపరచుటకై నేను వారికి ఒక సత్యము చెప్పితిని. లారెన్సు వ్రాసిన గ్రంథము ప్రకారము అతడు రక్షించిన గాసిం వేఱు, కాల్చిన హామెదు అనువాడు వేఱు. రెండు సంగతులకును సంబంధము లేదు. చిత్రకర్తలు ఇద్దరిని కలిపి ఒకనిగా చేసిరి. కథకు బిగువు వచ్చినది, చరిత్ర చెడినది. ఒక బాలిక, “అయినచో వారు అబద్ధమాడినారా అయ్యా?” అని అడిగెను. అబద్ధమునకును కల్పనకును గల భేదమును గూర్చి ఒక పూర్తి పీరియడు చెప్పవలసి వచ్చెను. పరీక్షలో రాని ఆ పాఠమే ఈ సంవత్సరము నేను చెప్పినవానిలో మంచిదని నా నమ్మకము. అదే బాలిక మరియొకటి అడిగెను: ఇంత పెద్ద చిత్రములో ఒక్క స్త్రీయైనను నోరు విప్పలేదేమి? నిజమే, ఒక్కరును మాటలాడరు. అది నేను మూడుసార్లు చూచియు గమనింపని సంగతి.

ఆ గాసిం వేషమును ధరించినవాడు భారతీయుడే, ఐ. ఎస్. జోహర్ అను హిందీ హాస్యనటుడు. చిత్రములో మన దేశపు ముఖము అది యొక్కటియే యని చెప్పవచ్చును. నా అసలు ఫిర్యాదు ఇచ్చట మొదలగును. ఆ యుద్ధములో మన దేశము వారు ఒకరిద్దరు కారు. మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, సైనికులు, కూలీలు, వంటవారు, నీళ్లు మోయువారు కలిసి ఆరు లక్షలకు దగ్గరగా భారతీయులు పోయిరి. మదరాసు శాపర్స్ అండ్ మైనర్స్ అను దళమును వారిలో నుండెను. అది తెలుగువారును, తమిళులును చేరిన దళము. వారి పని వంతెనలు కట్టుట, బాటలు వేయుట. కూత్ అను పట్టణములో టర్కీవారి ముట్టడికి చిక్కి, ఆకలిచే మాడి, 1916 ఏప్రిలు 29వ తేదీన లొంగిపోయిన సుమారు 13,000 మందిలో ఎక్కువమంది మనవారు. బందీలుగా ఎడారి వెంట నడిపింపబడి అనేకులు తిరిగి రాలేదు. ఆ లొంగుబాటునకు ముందు ధనమిచ్చి ముట్టడి విడిపింప యత్నించుటకై పంపబడినవారిలో లారెన్సు కూడ ఉండెను. టర్కీవారు ఆ ధనమును నిరాకరించిరి. చిత్రములో ఈ సంగతియే లేదు. లారెన్సు 1917 నవంబరులో యార్ముక్ లోయలోని రైలు వంతెనను పడగొట్టబోయినప్పుడు అతని వెంట భారతీయ మెషీనుగన్ సిపాయిలు ఉండిరి. వారును లేరు.

మన ప్రాంతమునకు మరింత దగ్గరి సంగతి చెప్పెదను. 1948 వరకు జగ్గయ్యపేటకు కొద్ది మైళ్ల దూరముననే నైజాము రాజ్యపు ఎల్ల యుండెను. ఆ రాజ్యమునకు చెందిన హైదరాబాదు లాన్సర్లు అను ఆశ్వికదళము 1914లో ఐగుప్తునకు పోయి, స్యూజు కాలువను కాచి, సీనాయి దాటి, పాలస్తీనాలో పోరాడెను. మైసూరు, జోధపురము దళములతో కలిసి అది యొక బ్రిగేడుగా నుండెను. 1918 సెప్టెంబరు 23వ తేదీన ఆ బ్రిగేడులోని జోధపురపు, మైసూరు రౌతులు బల్లెములు చేతబట్టి మెషీనుగన్నుల యెదుటికి దూకి హైఫా పట్టణమును పట్టుకొనిరి. ఏ చోటున? ఒకవైపు కర్మెలు పర్వతము, ఒకవైపు కీషోను వాగు. ఏలీయా కథ చదివిన మన పిల్లలకు రెండు పేరులును కంఠస్థములే. కాని అచ్చట మన దేశపు గుఱ్ఱములు పరుగెత్తెనని వారిలో ఒక్కరును ఎరుగరు! ఆ మూడు దళముల జ్ఞాపకార్థము ఢిల్లీలో 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహములవలననే ఆ కూడలికి తీన్‌మూర్తి యను పేరు వచ్చినది. విహారయాత్రలో మన విద్యార్థులు ఆ విగ్రహముల ముందు నిలిచి ఛాయాచిత్రము కూడ తీయించుకొనిరి. వారెవరని అడిగినవాడు లేడు. చెప్పవలసిన నేనును చెప్పలేదు.

మన సిపాయిలను పొగడుమని నేను పిల్లలకు చెప్పుట లేదు. వారు పరరాజ్యపు జీతమునకు, పరరాజ్యపు యుద్ధములో చచ్చిరి. ఆ యుద్ధములో అసువులు బాసిన భారతీయులు 74,000 మందికి తక్కువ కారు. అరబ్బులకు స్వాతంత్ర్యమిత్తుమని ఆశ పెట్టి, వెనుకనుండి 1916లోనే ఫ్రెంచివారితో కలిసి వారి భూమిని పంచుకొనిన రాజనీతికి వారు పనిముట్లైరి. చిత్రము ఆ మోసమును దాచలేదు. అందులకు దానిని మెచ్చవలెను. నా ఫిర్యాదు యింతమాత్రమే. మూడున్నర గంటలు చూచిన బాలుడు, ఒక తెల్లదుస్తుల మనుష్యుడు ఒక్కడే ఎడారిని జయించెనని నమ్మి ఇంటికి పోవును. సీనాయిలో రైలుదారిని, నైలునది నీటిని తెచ్చు గొట్టములను మైళ్లకొలది పఱచిన ఐగుప్తు కూలీలు లేక ఆంగ్ల సేనాధిపతి అల్లెన్‌బీ గాజా దాటియుండెడివాడు కాడు. కాని గొట్టము పఱచువాడు తెరపై అందముగా నుండడు.

ఒక్కనికే సమస్తమును అంటగట్టు ఈ వాడుక నేటిది కాదు. మన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపమును 1882లో జేమ్స్ బర్జెసు దొర త్రవ్వించినపుడు దొరకిన పలకలలో మాంధాత చక్రవర్తి పలక మిక్కిలి పేరుపొందినది. రాజు చేయెత్తి నిలిచియుండును; మేఘమునుండి నాణెములు వానవలె కురియును. భూమినంతయు ఏలి, స్వర్గమునకు పోయి, అచ్చట ఇంద్రునితో సగము సింహాసనము పొంది, అదియు చాలక ఇంద్రునే చంపదలచి, ఆ దురాశవలన క్షీణించి నేలపై పడి మరణించెనని బౌద్ధకథ. చిత్రములో లారెన్సు క్రొత్త అరబ్బు దుస్తులు ధరించి, కత్తి వాదరలో తన ముఖము తానే చూచుకొను దృశ్యమున నాకు ఆ పలక జ్ఞప్తికి వచ్చినది. ఆ లారెన్సే తరువాత తన పేరును సహింపలేక, షా అను మారుపేరుతో విమాన దళములో సామాన్య సేవకుడై, 1927లో కరాచీకి వచ్చి ఉండెను. 1935లో మోటారు సైకిలు ప్రమాదమున మరణించెను. చిత్రము ఆ మరణముతోనే ప్రారంభమగుట నాకు నచ్చినది. పిల్లలకు మాత్రము మొదటి పది నిమిషములు విసుగు పుట్టించినవి.

ఇక బస్సు స్టాండులో నన్నడిగిన పెద్దమనుష్యునికి నా సమాధానము. అయ్యా, చూపవలెను. తొమ్మిదవ తరగతికి క్రింది పిల్లలకు వలదు. తమరు చెప్పినట్లు టెలిఫోనులో వారు చూచుచునేయున్నారు; ఒంటరిగా, దుప్పటి క్రింద, అడుగుటకు ఎవరును లేక చూచుచున్నారు. బడిలో చూచినపుడు చప్పట్లు కొట్టిన చేతులను మరునాడు ప్రశ్నింపవచ్చును. నూటయిరువదిమందితో కలిసి చూచుటయే అందలి మేలు. అయితే ఈసారి మేము చేసినట్లు చూపరాదు. గోడకు పటము వ్రేలాడవలెను. ముందు దినమున చరిత్రోపాధ్యాయులు కూత్, హైఫా సంగతులను చెప్పవలెను. విరామమున ఐదు నిమిషములు కాక అరగంట యుండవలెను. ఎవరైనను లేచి బయటికి పోయినచో ఉపాధ్యాయుడు కూడ వెంట పోయి చూడవలెను. ఈ చివరిదానిని నేను కొనుక్కొని నేర్చుకొంటిని.

మన విద్యార్థుల యిండ్లలో ఎవరి తాతముత్తాతలైనను ఆ యుద్ధమునకుగాని రెండవ యుద్ధమునకుగాని పోయియున్నచో, పాత ఉత్తరములు, పతకములు పెట్టెలలో నున్నచో, ఒకమారు బడికి తెచ్చి చూపుడని తలిదండ్రులను వేడుచున్నాను. చూచి భద్రముగా తిరిగి యిచ్చెదము.

ఆ బాలుడు రెండవ భాగమును బడిలో చూడలేదు. ఫిబ్రవరి మాసమున వాని తండ్రినుండి కబురు వచ్చినది; పని మారెనట, పట్టణమునకు దగ్గరగా ఉన్నాడట. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బాలుడు మా యింటికి వచ్చి, తక్కిన చిత్రము చూచెదనని తానే యడిగెను. ఇద్దరమును కూర్చుండి చూచితిమి. దమస్కు నగరమున అరబ్బుల సభ నీటికొఱకును, విద్యుచ్ఛక్తికొఱకును కలహించుకొను చోట వాడు నవ్వెను. ముగిసిన పిమ్మట ఎట్లున్నదని అడిగితిని. బాగున్నదనెను. తన తండ్రి ఉన్నచోటికి పదిదినములకొకసారి ట్యాంకరులో నీళ్లు వచ్చెడివనియు, అది రానినాడు గొఱ్ఱెల తొట్టెలోనివే వారును త్రాగెడివారనియు చెప్పి, “ఈ బొమ్మలో ఇంతమందికి నీళ్లు ఎవరు తెచ్చిరో చూపలేదు మాస్టారూ,” అనెను.